టికెట్ లేని నీటి ఆటస్థలం నడవాలంటే ఏమేం ఉండాలి?

నీటిబొట్టు
పార్కులో పిల్లల కోసం స్ప్లాష్ ప్యాడ్ కడుతున్నారు. పన్నెండు నాజిళ్లు (నీళ్లు చిమ్మే మూతులు), లోతు లేని గచ్చు, జల్లుల కింద తడిసి ఆడుకోవడమే. మొదట అందరికీ ఉచితం అన్నారు. ఇప్పుడు నిర్వహణ కమిటీ మాట మార్చింది. చుట్టూ కంచె, టికెట్, రోజుకు రెండే గంటలు, అదీ ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే. చూపిస్తున్న కారణాలు మూడు: నీళ్లు వృథా, జబ్బులు, పిల్లలు పడితే బాధ్యత ఎవరిది. ఈ మూడింటిలో నిజమెంత? టికెట్ లేకుండా నడపాలంటే కమిటీ ముందు ఏం పెట్టి అడగాలి? పని తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి, నోటిమాటగా అడిగితే వినడం లేదు.

లెక్కలమనిషి
నీళ్ల సంగతితో మొదలుపెడదాం, అన్నింటికంటే తేలిగ్గా తేలేది అదే. నాజిల్‌కు నిమిషానికి 15 లీటర్లు అనుకోండి. పన్నెండుకి 180 లీటర్లు, గంటకు 10,800. రోజూ 8 గంటలు ఆపకుండా వదిలితే 86,400 లీటర్లు. కమిటీ భయపడుతున్నది ఈ అంకెను చూసే అయ్యుంటుంది.
కానీ అలా ఎవరూ వదలకూడదు. పిల్లలు నొక్కే బటన్ పెట్టి, ఒక నొక్కుకు 4 నిమిషాలు నడిచి ఆగేలా టైమర్ పెట్టండి. ఎవరూ లేనప్పుడు చుక్క పడదు. మొత్తం సమయంలో మూడో వంతే నడిచిందనుకుంటే 28,800కి వస్తుంది. అన్ని నాజిళ్లూ ఒకేసారి కాకుండా ఆరేసి చొప్పున వంతులవారీగా చిమ్మేలా వాల్వులు పెడితే 14,400. ఆరో వంతుకు దిగాం, ఆట ఏమీ తగ్గలేదు. ఏ నాజిల్ ఎప్పుడు చిమ్ముతుందో తెలియకపోవడమే పిల్లలకు ఎక్కువ ఇష్టం కూడా.

నీటిబొట్టు
ఈ 15 లీటర్లు అన్నది ఎలా తెలుస్తుంది? గుత్తేదారు ఇచ్చిన కాగితంలో ఆ అంకె లేదు.

లెక్కలమనిషి
అడగండి, ఒత్తిడితో సహా. "2 బార్ దగ్గర నిమిషానికి ఇన్ని లీటర్లు" అని ఉండాలి. బార్ అంటే ఒత్తిడి కొలత. ఒత్తిడి చెప్పకుండా ఇచ్చిన లీటర్ల లెక్క చెల్లదు. కట్టాక పంపు తర్వాత గొట్టానికి ఒక నీటి మీటరు, ఒక ప్రెషర్ గేజ్ తప్పనిసరి. మీటరు లేనిచోట వృథా మీద ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు.

పంపుగది
లెక్కలమనిషి గారి అంకెలు సరే. కానీ ముందు తేల్చాల్సింది వేరే ఉంది. నీళ్లు ఒక్కసారి వాడి వదిలేసే పద్ధతా, పట్టి శుభ్రం చేసి మళ్లీ చిమ్మే పద్ధతా? నిర్వహణ ఖర్చు, జబ్బుల భయం, మనుషుల అవసరం అన్నీ దీన్నిబట్టే మారతాయి.
ఒక్కసారి వాడే పద్ధతిలో తాగునీటి గొట్టం నుంచి నేరుగా నాజిల్‌కు, అక్కడి నుంచి కాలువకు. ట్యాంకు లేదు, ఫిల్టరు లేదు, క్లోరిన్ కలిపే పని లేదు. ఒకరి ఒంటి మీది నీళ్లు ఇంకొకరి నోట్లోకి మళ్లీ రావు. ఆరోగ్యానికి ఇదే మేలు. తాగునీటి గొట్టంలోకి మురికి వెనక్కి రాకుండా బ్యాక్‌ఫ్లో నిరోధకం ఒక్కటి మాత్రం మరవకూడదు.
తిప్పి వాడే పద్ధతిలో నీళ్లు ఆదా అవుతాయి, కానీ చిన్న ఈతకొలనుకు కావలసినంత యంత్రాంగం కావాలి. భూమిలో ట్యాంకు, వెంట్రుకలూ ఆకులూ పట్టే జాలి, ఇసుక ఫిల్టరు, యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం, క్లోరిన్‌ను కొలత ప్రకారం కలిపే డోసింగ్ పంపు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) సరిచేసే ఇంకో డోసింగ్ పంపు, చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి. నా అభిప్రాయం అడిగితే ఆరేడు నాజిళ్ల లోపు అయితే బటన్ పెట్టి ఒక్కసారి వాడే పద్ధతే మంచిది. మీ పన్నెండు ఆరేసి చొప్పున వంతులవారీగా చిమ్మితే సరిగ్గా గట్టు మీద ఉన్నట్టు. శిక్షణ ఉన్న మనిషిని ఏడాది పొడవునా ఇవ్వగలమని కమిటీ రాసిస్తేనే తిప్పి వాడే పద్ధతికి ఒప్పుకోండి.

చెట్టునీడ
ఒక్కసారి వాడి వదిలేసినా అవి వృథా పోనక్కర్లేదు. కాలువ చివర చిన్న ట్యాంకులో పట్టి పార్కు చెట్లకు పెట్టొచ్చు. రెండు జాగ్రత్తలు. ఆ నీళ్లు ఒక రోజుకు మించి నిలవ ఉంచకండి, వాసన పట్టి దోమలు చేరతాయి. స్ప్రింక్లర్‌తో గాల్లోకి చిమ్మకండి, వేళ్ల దగ్గర డ్రిప్ గొట్టాలతో ఇవ్వండి.
ఏ పద్ధతి అయినా కాలువలో ఒక మళ్లింపు వాల్వు కావాలి. ఆట ఆగి ఉన్నప్పుడు పడిన వాన వరద కాలువలోకి పోవాలి. అది లేకపోతే మొదటి వానకే గచ్చు మీది మట్టీ పిట్టల రెట్టా అంతా ట్యాంకులోకి చేరుతుంది. అలాంటి ట్యాంకుకు ఎంత క్లోరిన్ పోసినా నిలవదు.

క్లోరిన్‌కిట్టు
జబ్బుల సంగతి నేను చెబుతాను. ఇక్కడ కమిటీ భయం నిజమే, వాళ్లు చూపే మందే తప్పు.
అసలు శత్రువు క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. నీళ్ల విరేచనాలు తెస్తుంది. దాని గుడ్డులాంటి కణం 4 నుంచి 6 మైక్రాన్లే, మామూలు ఇసుక ఫిల్టరు నుంచి జారిపోతుంది. గట్టి పెంకు ఉంటుంది కాబట్టి క్లోరిన్‌కు లొంగదు. మామూలు క్రిములు 1 పీపీఎం (లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్‌లో నిమిషాల్లో పోతే, ఇది పది రోజులకు పైగా బతుకుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం దీన్ని 99.9 శాతం చంపాలంటే పీపీఎంనూ నిమిషాలనూ గుణిస్తే 15,300 రావాలి.
2005లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక్క స్ప్రే పార్కు వల్ల వేల మంది జబ్బుపడ్డారు, కారణం ఇదే. 1997 నుంచి 2022 వరకు అమెరికాలో స్ప్లాష్ ప్యాడ్ల వల్ల వచ్చినవిగా సీడీసీకి చేరిన వ్యాధి వ్యాప్తి ఘటనలు 60, జబ్బుపడినవారు 10,611 మంది. అందులో 91 శాతం ఈ ఒక్క పరాన్నజీవి వల్లే.
దీన్ని ఆపేది యూవీ. 12 మిల్లీజౌళ్ల యూవీ శక్తి ప్రతి చదరపు సెంటీమీటరుకు తగిలితే 99.9 శాతం పనికిరాకుండా పోతుంది. అందుకే తిప్పి వాడే చోట యూవీ లేకుండా స్ప్లాష్ ప్యాడ్ తెరవకూడదని గట్టిగా అంటాను. దాన్ని ఫిల్టరు దారిలో పెట్టి ఊరుకోవద్దు. నాజిళ్లకు వెళ్లే గొట్టం మీదే పెట్టాలి, అప్పుడు పిల్లల మీద పడే ప్రతి చుక్కా దీపం ముందు నుంచే వస్తుంది.

గేటుమనిషి
అంత ప్రమాదం ఉన్నప్పుడు టికెట్, కంచె తప్పేంటి? ఎవరొస్తున్నారో తెలుస్తుంది, జబ్బు ఉన్నవాళ్లను ఆపొచ్చు.

క్లోరిన్‌కిట్టు
ఎలా ఆపుతారండీ? విరేచనాలు తగ్గిన పిల్లవాడు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాడు. కానీ తగ్గాక కూడా రెండు వారాల వరకు ఆ కణాలు బయటికి వస్తూనే ఉంటాయి. గేటు దగ్గర కూర్చున్న మనిషికి అది కనపడదు. పలకమీద పెద్ద అక్షరాలతో "విరేచనాలు తగ్గి రెండు వారాలు కాకపోతే నీళ్లలోకి రావద్దు" అని రాస్తే తల్లిదండ్రులే ఆగుతారు. టికెట్ కొన్నాక మాత్రం డబ్బు పోతుందని ఆగరు. ఆ లెక్కన టికెట్ వల్ల ప్రమాదం పెరగొచ్చు కూడా.

గేటుమనిషి
ఈ కోణం తట్టలేదు. కానీ కంచె విషయంలో నా మాట మీదే ఉన్నాను. పక్కన రోడ్డు ఉంటే తడికాళ్లతో పిల్లలు పరిగెత్తుతారు.

వాలుగచ్చు
రోడ్డు వైపు కంచె ఉండాల్సిందే, తాళం అక్కర్లేదు. రోడ్డు వైపు మీటరు ఎత్తు కట్టి, పార్కు వైపు తెరిచి వదిలితే చాలు.
పడటం సంగతికి వస్తే, మూడొంతులు గచ్చులోనే ఉంది. నున్నటి పలకలు, పాలిష్ చేసిన రాయి వద్దు. కాంక్రీటు ఆరకముందు చీపురుతో గీసిన గరుకు గచ్చు చవక, నమ్మకం. మరీ గరుకైతే మోకాళ్లు చెక్కుకుపోతాయి, కాబట్టి గీతలు లోతుగా పడకుండా తేలిగ్గా లాగమనండి. వాలు 100కి 2, కాలువ వైపు. దీనికి తగ్గితే నీళ్లు నిలుస్తాయి, నిలిచినచోట పాచి పడుతుంది, పాచి మీదే జారతారు. గచ్చు తీసుకునే రోజు నాలుగు బకెట్లు పోసి పది నిమిషాలు ఆగండి. ఎక్కడ మడుగు కట్టిందో సుద్దముక్కతో గుర్తుపెట్టి గుత్తేదారు చేత సరిచేయించాకే బిల్లు ఇవ్వాలి.
నాజిల్ తల గచ్చుతో సమంగా ఉండాలి, పైకి పొడుచుకు రాకూడదు. కాలువ జాలి కన్నాల్లో పిల్లల వేళ్లు దూరకూడదు, 8 మి.మీ. దాటనివ్వకండి. జాలి స్క్రూలు చేత్తో ఊడేవి అయితే వారంలో పోతాయి.
ఇంకొకటి, ఇది ప్రాణాల మీదిది: కాలువ నుంచి నీళ్లు ట్యాంకులోకి వాలుతోనే జారాలి. పంపు పీల్చే గొట్టం నేరుగా గచ్చు మీది కాలువకు ఎప్పుడూ కలపకూడదు. కలిపితే ఆ పీల్పుకు పిల్లల జుట్టో ఒళ్లో పట్టుకుపోతుంది.

పంపుగది
వాలుగచ్చు గారు చెప్పినదానికి తోడు కరెంటు. పంపు గది గచ్చుకు దూరంగా, తాళంతో. లైను మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కోసేసే స్విచ్), నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. పిల్లలు నొక్కే బటన్‌కు 12 లేదా 24 వోల్టులు మించి రానివ్వకండి.

చక్రాలబండి
బటన్ మాట వచ్చింది కాబట్టి: దాన్ని నేలకు 40 సెం.మీ. నుంచి 120 సెం.మీ. మధ్య పెట్టండి. కూర్చున్న పిల్లలకు అందాలి, పిడికిలితో నొక్కినా పనిచేయాలి. వేలితో గట్టిగా నొక్కాల్సిన చిన్న మీట పెడితే చేతుల్లో బలం లేని పిల్లలకు ఆ ఆటస్థలం మూసేసినట్టే.
లోతు లేని గచ్చు చక్రాల కుర్చీకి ఈతకొలను కంటే ఎంతో మేలు. కానీ పార్కు దారి నుంచి గచ్చు అంచు వరకు రావాలి కదా. చాలాచోట్ల అక్కడే రెండంగుళాల గట్టు కట్టేస్తారు, అంతా వ్యర్థం. 20కి 1 వాలుతో, గట్టు లేకుండా కలపాలి. గేటు ఉంటే సందు 90 సెం.మీ. తగ్గకూడదు. నాజిళ్ల మధ్య తడవకుండా దాటే ఒక దారి ఉంచండి. ముఖం మీద నీళ్లు పడితే భయపడే పిల్లలు ఆ అంచున నిలబడి చెయ్యి పెట్టి ఆడతారు, అదీ ఆటే. బ్యాటరీ కుర్చీ తడవకూడదు కాబట్టి తడి తగలని నీడలో దాన్ని నిలిపే చోటు కూడా కావాలి.

తల్లివేరు
"ఉచితం" అన్న మాటను కూడా విప్పి చూడాలి. టికెట్ తీసేసి ఆన్‌లైన్ నమోదు పెడితే ఫోన్ లేనివాళ్లు బయటే. చిరునామా రుజువు అడిగితే అద్దె మారుతూ బతికేవాళ్లు బయటే. ఈత దుస్తులు తప్పనిసరి అంటే మామూలు చొక్కా నిక్కరుతో వచ్చినవాళ్లు బయటే. మధ్యాహ్నం ఎండ కాసే వేళ మూసి ఉదయం రెండు గంటలు తెరిస్తే ఎవరి కోసం? ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆట హక్కు ఉంది. ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి.
మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. దూరమైతే పిల్లలు అక్కడే కానిచ్చేస్తారు, క్లోరిన్‌కిట్టు గారు చెప్పినదంతా అక్కడే మొదలవుతుంది. డైపర్ మార్చడానికి బల్ల గచ్చుకు దూరంగా పెట్టాలి. నీళ్లలో వాడే డైపర్లు నీళ్ల విరేచనాన్ని ఆపవు, చాలామంది ఆపుతాయనుకుంటున్నారు. గంటకోసారి పిల్లల్ని మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి. తాగే నీళ్ల కుళాయి పక్కనే ఉంటే జల్లు నీళ్లు మింగడం తగ్గుతుంది.

చెట్టునీడ
నీడ కూడా. ఎండలో ఇనుప కమ్మీ, రబ్బరు పరుపు అరికాళ్లను కాల్చేస్తాయి. మధ్యాహ్నం వరకు వెలుగు ఉండి తర్వాత నీడ వచ్చేలా పడమర వైపు చెట్లు నాటండి. నాజిళ్ల మీదికి వంగే చెట్టు మాత్రం వద్దు, ఆకులతో జాలి మూసుకుపోతుంది.

కొత్తచిగురు
ఒకవేళ తిప్పి వాడే పద్ధతే ఖాయమైతే రోజువారీ పని ఏముంటుంది? క్లోరిన్ ఎంత పోయాలి?

క్లోరిన్‌కిట్టు
5,000 లీటర్ల ట్యాంకు అనుకుందాం. ఫిల్టరు ఆ నీళ్లన్నింటినీ 30 నిమిషాల్లో ఒకసారి తిప్పాలి, అంటే గంటకు 10,000 లీటర్ల పంపు. 1 పీపీఎం పెంచాలంటే 5 గ్రాముల క్లోరిన్, 10 శాతం ద్రవ హైపోక్లోరైట్ (ద్రవరూపంలో దొరికే క్లోరిన్ మందు) అయితే 50 మి.లీ. ఆ డబ్బా ఎండలో ఉంటే బలం తగ్గిపోతుంది, నీడలో పెట్టి తేదీ రాయండి.
తెరవకముందు: నాజిళ్లను పిల్లలు లేకుండా పది నిమిషాలు నడిపి రాత్రి గొట్టాల్లో నిలిచిన నీళ్లను బయటికి పంపాలి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీళ్లలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తర్వాత నీళ్లు తీసి డీపీడీ కిట్టుతో (క్లోరిన్ ఉంటే రంగు వచ్చే పరీక్ష) చూడాలి. ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి ఇంకా మిగిలిన క్లోరిన్) 1 పీపీఎంకు తగ్గితే తెరవద్దు, 2 నుంచి 3 దగ్గర నడపండి. పీహెచ్ 7.2 నుంచి 7.8. తెరిచాక రెండు గంటలకోసారి మళ్లీ.
ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. క్లోరిన్ 10 పీపీఎం దాటితే డీపీడీ రంగు తెల్లబోతుంది. కిట్టు "సున్నా" చూపిస్తుంది, మనిషి ఇంకా పోస్తాడు. రంగు రాకపోతే ఒక వంతు నమూనాకు తొమ్మిది వంతుల శుద్ధజలం కలిపి మళ్లీ పరీక్షించాలి.

కొత్తచిగురు
పొద్దున సరిగా ఉండి మధ్యాహ్నానికి క్లోరిన్ పడిపోతుందని, పీహెచ్ పెరుగుతుందని విన్నాను. ఎందుకు?

పంపుగది
నీళ్లు చిన్న చుక్కలై గాల్లో ఎగురుతాయి కదా. వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, అందుకే పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 8 దాటితే ఉన్న క్లోరిన్‌లో సగం కూడా సరిగా పని చేయదు. ఎండ క్లోరిన్‌ను విరిచేస్తుంది. పైగా ట్యాంకు చిన్నది, పిల్లలు ఎక్కువ. ఈతకొలనులో పదిమందికి ఉండే నీళ్లలో ఇక్కడ నూరుమంది తడుస్తారు. అందుకే చేత్తో పోసే పద్ధతి ఇక్కడ నిలవదు, ఆటోమేటిక్ కంట్రోలర్ కావాలి.
ఎండకు క్లోరిన్ పోకుండా సయన్యూరిక్ ఆమ్లం కలపమని ఎవరైనా చెబితే వినకండి. క్లోరిన్ నిలుస్తుంది కానీ క్రిములను చంపే వేగం పడిపోతుంది.

నీటిబొట్టు
నీళ్లలో ఎవరైనా మలం చేస్తే ఏం చేయాలి? కమిటీ తప్పకుండా అడుగుతుంది.

క్లోరిన్‌కిట్టు
ఒక్కసారి వాడే పద్ధతిలో కడిగేసి, గచ్చు మీద క్లోరిన్ నీళ్లు పోసి, మళ్లీ కడిగి తెరవొచ్చు. తిప్పి వాడేచోట వెంటనే అందరినీ బయటికి పంపి నాజిళ్లు ఆపాలి. గట్టి మలం అయితే 2 పీపీఎంతో 25 నిమిషాలు, పీహెచ్ 7.5 లోపు. విరేచనం అయితే 20 పీపీఎంతో 12 గంటల 45 నిమిషాలు. గుణించి చూడండి, పైన చెప్పిన 15,300 వస్తుంది. 5,000 లీటర్లకు 20 పీపీఎం అంటే ఆ ద్రవం ఒక లీటరు. తర్వాత ఫిల్టరును బ్యాక్‌వాష్ చేసి (నీళ్లు వెనక్కి తిప్పి కడిగి), ఆ నీళ్లను ట్యాంకులోకి రానివ్వకుండా మురుగులోకి పంపాలి.

పంపుగది
ఇంకో హెచ్చరిక. క్లోరిన్, ఆమ్లం డోసింగ్ పంపులు రెండూ ప్రధాన పంపుతో ముడిపడి ఉండాలి. ప్రధాన పంపు ఆగి, ఇవి రెండూ నడుస్తూ ఉంటే గొట్టంలో ఆమ్లం, క్లోరిన్ కలిసి విషవాయువు తయారవుతుంది. పంపు మళ్లీ తిరగగానే అది నాజిళ్ల నుంచి పిల్లల ముఖాల మీదికి వస్తుంది. పంపు ఆగితే వీటికి కరెంటు పోవడం, గొట్టంలో ప్రవాహం లేకపోతే ఆపేసే ఫ్లో స్విచ్, రెండూ కావాలి. ఒకటి చెడిపోయినా రెండోది కాస్తుంది.

గేటుమనిషి
ఇవన్నీ చదివాక ఒకటి అర్థమైంది, టికెట్ డబ్బు కన్నా ఈ పని చేసే మనిషి ముఖ్యం. కానీ అతను సరిగా చేస్తున్నాడని బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

క్లోరిన్‌కిట్టు
పలక పెట్టాలి. ఆ రోజు క్లోరిన్, పీహెచ్, చూసిన సమయం, చూసినవారి సంతకం. 2021లో అమెరికాలోని ఆర్లింగ్టన్ నగరంలో స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడిన ఒక పసివాడు మెదడును తినే అమీబా సోకి చనిపోయాడు. ముక్కులోకి నీళ్లు పోతే సోకుతుంది, చాలా అరుదు. తెరవకముందు రోజూ చేయాల్సిన పరీక్షలు నిలకడగా జరగలేదని తర్వాత నగరమే ఒప్పుకుంది. పంపు గదిలో దాచిన పుస్తకం ఎవరూ చూడరు. గచ్చు పక్కన పలక మీద నిన్నటి తేదీ ఉంటే ఏ తల్లి అయినా అడుగుతుంది.

లెక్కలమనిషి
ఇదంతా కట్టేలోపు పిల్లలకు వేసవి గడిచిపోతుంది కదా. న్యూయార్క్ నగరంలో పద్ధతి ఒకటుంది. పెద్దవాళ్లు ఫైర్ స్టేషన్‌కు వెళ్లి అడిగితే వీధి హైడ్రంట్‌కు (మంటలార్పడానికి పెట్టిన నీటి కుళాయి) స్ప్రే మూత ఉచితంగా బిగిస్తారు. మూత లేకుండా తెరిస్తే నిమిషానికి 1,000 గ్యాలన్లకు పైగా పోతాయి, మూతతో 20 నుంచి 25 మాత్రమే. ఆట అంతే, నీళ్లు నలభయ్యో వంతు.

వాలుగచ్చు
అంత అనుమతి దొరకనిచోట ఒక పీవీసీ గొట్టం చాలు. 25 మి.మీ. గొట్టం, రెండున్నర మీటర్లు, 15 సెం.మీ.కి ఒకటి చొప్పున 1.5 మి.మీ. కన్నాలు పదహారు. ఒక బార్ ఒత్తిడికి కన్నానికి నిమిషానికి ఇంచుమించు ఒక లీటరు. ఒక చివర మూత, ఇంకో చివర తాగునీటి కుళాయి, మధ్యలో వ్యాక్యూమ్ బ్రేకర్ (నీళ్లు కుళాయిలోకి వెనక్కి పోకుండా ఆపేది). కన్నాల అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. గొట్టం రెండు మీటర్ల ఎత్తున కట్టి కన్నాలు కిందికి తిప్పండి, కంటికి సూటిగా తగలదు. ఎండలో ఉన్న గొట్టంలో మొదటి నీళ్లు ఒళ్లు కాలేంత వేడిగా ఉండొచ్చు, అవి పోయాకే పిల్లల్ని రానివ్వాలి. పచ్చిక మీద పెడితే రోజూ చోటు మార్చండి, బురద కాదు.

నీటిబొట్టు
కమిటీకి ఇలా రాస్తున్నాను: బటన్, నాలుగు నిమిషాల టైమర్, ఆరేసి నాజిళ్ల వంతు, నీటి మీటరు. ఒక్కసారి వాడే పద్ధతి, నీళ్లు చెట్లకు. రోడ్డు వైపే కంచె. నమోదు, టికెట్ రెండూ వద్దు. మధ్యాహ్నం కూడా తెరిచి ఉండాలి. తప్పితే చెప్పండి.

చక్రాలబండి
బటన్ ఎత్తు రాయలేదు. 20కి 1 వాలు కూడా.

పంపుగది
బ్యాక్‌ఫ్లో నిరోధకం చేర్చండి, ఏడాదికోసారి పరీక్ష అని కూడా. వానకు మళ్లింపు వాల్వు కూడా పోయింది మీ జాబితాలో.

నీటిబొట్టు
నాలుగూ చేర్చాను. గచ్చు తీసుకునే రోజు బకెట్లు, సుద్దముక్క నేనే పట్టుకెళ్తాను.